ఎడమవైపు తొమ్మిదో పక్కటెముక

15 జనవరి 2023, ఆదివారం

ఈ నోటు పుస్తకం లెర్మా ఇచ్చింది. దాని బడిలో పిల్లలకు పంచగా మిగిలిందట. "నాన్నా, నువ్వు పొద్దస్తమానం జనం ఎముకలతో మాట్లాడతావు, ఇంట్లోవాళ్ళతో మాట్లాడవు. కనీసం దీంతోనైనా మాట్లాడు" అంది. కూతురు టీచరైతే తండ్రికి రాతపని తప్పదు.

రాయడానికి ఏముంది? ట్రినింగ్‌కు నడుం నొప్పి. క్రిస్మస్ నుంచీ ఉంది. మామిడి పిందెలకు పాత పేపరు చుట్టే పనిలో రోజంతా నిచ్చెన మీద నిలబడితే నొప్పి రాక ఏమొస్తుంది? చెబితే వినదు. అరవై ఏళ్ళొచ్చినా ఈ గిమారాస్ దీవిలో నా భార్యంత వేగంగా కాగితం చుట్టే మనిషి లేదు. ఆ గర్వం తనకు కొంచెం ఎక్కువే. నాకూ ఎక్కువే.

ఊరందరి నొప్పులూ తీసేది నేను. ఎదురుకాళ్ళతో పుట్టినవాణ్ణి. మా అమ్మమ్మ ఈ దీవిలో పేరున్న హిలోత్. బెణుకులు, పట్లు, జారిన కీళ్ళు సవరించడం ఆమె చేతి కిందే నేర్చుకున్నాను. గొంతులో దిగిన చేపముల్లు కూడా ఈ బొటనవేళ్ళ మాట వింటుంది. అలాంటిది సొంత భార్య నడుం నొప్పి తీయలేనా?

ఇవాళ అరిటాకు పట్టాను. రెండు వేళ్ళ వెడల్పున ఆకు చీల్చి, నూనె రాసి, తల నుంచి మోకాళ్ళ దాకా ఒంటి మీద మెల్లగా లాక్కుంటూ పోవాలి. జబ్బున్న చోట ఆకు అతుక్కుంటుంది. ఎవరికైనా ఒక చోట, మహా అయితే రెండు చోట్ల. ట్రినింగ్‌కు ఏడు చోట్ల అతుక్కుంది. ఆకు మంచిది కాదు. ఇంకో చెట్టు నుంచి వేరే ఆకు కోసుకొచ్చాను. ఎనిమిది చోట్ల.

వానల్లేక ఈ ఏడు ఆకులన్నీ పాడైపోయాయి. ఇది నడుం పట్టే, సందేహం లేదు. నొప్పి ఉన్నచోటే నొక్కుతాను.

22 జనవరి

నొక్కాను. కొంచెం నయమంది.

29 జనవరి

నొక్కాను. నయమేనంది. మొహం చూస్తే నయమైనట్టు లేదు.

2 ఫిబ్రవరి, గురువారం

నొప్పి నడుం నుంచి పైకి పాకిందట. వాతం కదిలిందంటే నా పని పారుతున్నట్టే. బోర్లా పడుకోమన్నాను. ఎడమ రెక్క ఎముక కింద, వెన్నుకు మూడు వేళ్ళ దూరంలో కండ గట్టిగా ఉంది. అక్కడ బొటనవేలు పెట్టి బరువు వేశాను.

మంచం వెదురు కిర్రుమంది.

ట్రినింగ్ దిండు అంచు పళ్ళతో పట్టుకుంది. కాసేపయ్యాక "ఇవాళ్టికి చాల్లేవయ్యా" అంది.

3 ఫిబ్రవరి

మంచం వెదురు మార్చాలి.

11 ఫిబ్రవరి, శనివారం

ట్రినింగ్ గట్టిగా ఊపిరి తీసుకోలేకపోతోంది. కూర్చునే నిద్రపోతోంది. పక్కింటివాళ్ళు ఏదో హాస్యమాడితే నవ్వబోయి, పక్క పట్టుకుని ఆగిపోయింది. నవ్వును మధ్యలో ఆపుకున్న ట్రినింగ్‌ను ముప్పై ఆరేళ్ళలో నేను చూడలేదు.

వెదురు ఇంకా మార్చలేదు.

13 ఫిబ్రవరి

నన్ను అడక్కుండా లెర్మా తల్లిని క్లినిక్‌కు తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించింది. తీయించనీ! ఏమీ లేదట! ఈ వయసులో అందరికీ వచ్చే అరుగుదలేనట. ఫోటోలో ఏమీ లేదు. రేవు దగ్గర ముగ్గురికి చెప్పాను, ఫోటోలో ఏమీ లేదని. లెర్మా నా వంక అదోలా చూసింది. "అమ్మకి బాగుంటే ఇంత సంతోషపడాలి నాన్నా, ఫోటో బాగుంటే కాదు."

టీచర్లకు మాటలు ఎక్కువ.

5 మార్చి

ట్రినింగ్ బిందెడు నీళ్ళు తాగుతోంది. కాఫీలో చక్కెర అనుకుని రెండుసార్లు ఉప్పు వేసింది. మొహం పాలిపోయి కొవ్వొత్తిలా ఉంది. లెర్మా రక్తం పరీక్ష చేయించింది. రక్తం సగానికి పడిపోయిందట, మూత్రపిండాలు కూడా అలసిపోయాయట. క్లినిక్ డాక్టరు చీటీ రాసి ఇలోయిలో నగరంలో రక్తం జబ్బుల డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాడు.

నడుం నొప్పికి, రక్తానికి ఏమిటి సంబంధం?

14 మార్చి

చేపలు పట్టే ఎస్తొంగ్ మడమ బెణికి, కుంటుకుంటూ వచ్చాడు. చెయ్యి నొప్పిగా ఉందని చెప్పి పంపేశాను. చేతులకు ఏమీ కాలేదు.

7 ఏప్రిల్, గుడ్ ఫ్రైడే

హిలోత్‌కు ఏడాదికి సరిపడా నూనె ఇవాళే కాచాలి. కొబ్బరి కోరడం మొదలుపెట్టినప్పటి నుంచి నూనె దించేదాకా నోరు తెరవకూడదు. ఒక్క మాట జారినా ఆ నూనెకు చేవ పోతుంది, ఇక అది వంటకే. ఒక్కో ఏడు ఎంత కష్టపడేవాణ్ణో! ట్రినింగ్ కావాలని నా ముందుకొచ్చి "ఏమయ్యా, మీ అమ్మ వంట బాగుంటుందా, నా వంటా?" అని అడిగి ఏడిపించేది.

ఈ ఏడు ఎవరూ ఏడిపించలేదు. నేను నోరు మెదపలేదు. ఈ మధ్య నోరు మూసుకుని ఉండటం నాకు బాగా అలవాటైంది. నూనె చక్కగా వచ్చింది.

18 ఏప్రిల్, మంగళవారం, ఇలోయిలో

పడవలో దాటించాం. గట్టిగా పావుగంట ప్రయాణం. అల ఎత్తేసినప్పుడల్లా ట్రినింగ్ కళ్ళు మూసుకుంది. తన వీపు చెక్కకు తగలకుండా రెండు అరచేతులూ వెనక పెట్టి కూర్చున్నాను. నొక్కలేదు. ఊరికే పెట్టాను.

రక్తం డాక్టరు జబ్బు పేరు చెప్పాడు. మైలోమా. రక్తంలో వచ్చే క్యాన్సరట. ఎముక లోపల మూలుగలో చెడ్డ కణాలు చేరి, ఉన్న ఇంటినే తినేస్తాయట. రేపు స్కాన్ తీసి ఎముకలు ఎంతవరకు దెబ్బతిన్నాయో చూస్తారట. లెర్మా ఏడ్చింది. ట్రినింగ్ దాని వీపు నిమురుతూ, "ఊరుకోవే. మీ నాన్న చూడు, ఏమీ కానట్టు ఎలా కూర్చున్నాడో" అంది.

అవును. ఏమీ కానట్టే కూర్చున్నాను.

19 ఏప్రిల్, బుధవారం

ఇవాళ్టిది వివరంగా రాసుకోవాలి.

సీటీ స్కాన్ గదిలో పనిచేసే మనిషి పేరు రోడెల్. గున్న ఏనుగులా ఉంటాడు. అంతటి మనిషి ట్రినింగ్‌ను బల్ల మీదికి చేర్చిన తీరు చూసి ముక్కున వేలేసుకున్నాను. ముందు ఒంటి మీద చెయ్యే వెయ్యలేదు. "అమ్మా, ఇంట్లో మీరు ఎటు తిరిగి పడుకుంటారు? ఎటు తిరిగి లేస్తారు?" అని అడిగాడు. ఇంకొకరిని పిలిచి, ఇద్దరూ కలిసి దుప్పటితో సహా ఎత్తి దించారు. వెన్ను ఎక్కడా మెలిక పడలేదు. మోకాళ్ళ కింద మెత్త పెట్టాడు. అప్పటికి మూడు నెలలుగా వెల్లకిలా పడుకోలేని మనిషి హాయిగా పడుకుంది. నలభై ఏళ్ళుగా మనుషుల్ని పడుకోబెడుతున్నాను, మోకాళ్ళ కింద మెత్త పెట్టాలని నాకెందుకు తట్టలేదు?

"ఎంతసేపు పడుతుంది బాబూ?" అన్నాను.

"తీయడానికి నిమిషం పెద్దాయనా. పడుకోబెట్టడానికే పావుగంట. సూది లేదు, మందు లేదు. తల నుంచి మోకాళ్ళ దాకా ఎముకల్ని మాత్రం చూస్తుంది. ఎముకలు చూడ్డానికి కిరణాలు తక్కువైనా సరిపోతాయి."

తల నుంచి మోకాళ్ళ దాకా. నా ఆకు వెళ్ళే దారి.

ట్రినింగ్ పడుకునే అంది, "మా ఆయన ముందు ఇలాంటివి చెప్పకు నాయనా, కుళ్ళుకుంటాడు. ఆయన అరిటాకుతో ఇదే పని చేస్తాడు."

"అవునా? మరి మీకు ఎక్కడ అతుక్కుందమ్మా?"

"ఒళ్ళంతా."

నాకు తల తీసేసినట్టయింది. ఆ రోజు తను లెక్కపెట్టుకుంటూనే ఉందన్నమాట.

బల్ల ఆ గుండ్రటి ద్వారంలోకి మెల్లగా వెళ్ళింది, మెల్లగా వచ్చింది. అంతే. చప్పుడు కూడా పెద్దగా లేదు.

కాసేపటికి స్కాన్ చదివే డాక్టరమ్మ బయటికొచ్చింది. జలందోని ఆమె పేరు. లెర్మా ఈడు ఉంటుంది. చేతిలో చల్లారిపోయిన కాఫీ. "మీరు భర్తగారా? ఈమె ఈ మధ్య ఎప్పుడైనా పడ్డారా?"

"ఎందుకమ్మా?"

"ఎడమవైపు తొమ్మిదో పక్కటెముక విరిగి ఉంది. వీపు వైపు, వెన్నుకు దగ్గరగా. రెండు మూడు నెలలై ఉంటుంది."

"పడింది" అన్నాను. "స్నానాలగదిలో. ఫిబ్రవరిలో."

ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట. నేను పిలవలేదు. డాక్టరమ్మ లోపలికి వెళ్ళి, "స్నానాలగదిలో పడ్డారటగా అమ్మా?" అని అడిగింది. తలుపు తెరిచే ఉంది. ట్రినింగ్ ఆమె భుజం మీదుగా నా వంక చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను.

"అవునమ్మా. కాలు జారింది" అంది.

అక్కడితో నోరు మూసుకుని ఇంటికొచ్చేస్తే సరిపోయేది. కానీ ఈ చేతులు నలభై ఏళ్ళు ఎముకల మీద బతికాయి. "నేనూ ఎముకల పనివాణ్ణే. ఆ బొమ్మలు చూడొచ్చా?" అని అడిగాను. గెంటేస్తుందనుకున్నాను. నా చేతులు చూసింది, కుర్చీ లాగింది.

ఏం చెప్పను! ఆ తెర మీద నా భార్య ఎముకలన్నీ ఉన్నాయి. నేను చర్మం పైనుంచి తడిమి తడిమి ఊహించుకునేవి, గుడ్డివాడిలా నలభై ఏళ్ళు తడిమినవి, అక్కడ తెల్లగా, వెలుగులో ఉన్నాయి. ఆ అమ్మాయి వేలితో చక్రం తిప్పుతుంటే పల్చటి ముక్కలు ఒకటి వెనక ఒకటి కదులుతున్నాయి. వందలు. పుర్రెతో మొదలుపెట్టింది. దవడ, మెడ పూసలు, భుజాలు, రొమ్ము ఎముక, పక్కటెముకలు ఒక్కొక్కటీ మొదటి నుంచి చివరిదాకా, వెన్ను, తుంటి, తొడలు. తనలో తను పేర్లు గొణుక్కుంటూ, ఎక్కడా తొందరపడకుండా. అయిపోయాక మళ్ళీ పుర్రెకు వెళ్ళింది.

"నొప్పి ఉన్నచోటు ముందు చూడవా అమ్మా?"

"చూడను పెద్దాయనా. అది ఆఖరున. ముందే అటు వెళ్తే మిగతా ఒంటిని అరకొర కళ్ళతో చూస్తాను."

మా అమ్మమ్మ సరిగ్గా ఇదే చెప్పేది. నొప్పి దగ్గరికి ముందు పోకురా సెల్మో, ఒళ్ళంతా తిరిగి అక్కడికి రా. ఊరందరికీ అలాగే చేశాను. ఒక్క ట్రినింగ్ దగ్గరే చేయలేదు.

ఎముకల్లో నల్లటి గుంతలు ఉన్నాయి. పుర్రెలో మిరియాల్లాంటివి. తుంటిలో బటానీ గింజంత. ముప్పై ఒకటని చెప్పింది. ఒక్కొక్కదాన్నీ కొలిచి రాసుకుంది. "మళ్ళీ తీసినప్పుడు వీటి పక్కన పెట్టి చూడాలి కదా" అంది.

"మరి ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారే?"

"అందులో ఎముకలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డ నీడలు. ఎముక మూడోవంతు కరిగిపోతేగాని ఆ నీడలో గుంత కనపడదు. వాళ్ళ తప్పేం లేదు. మీది మామిడి ఊరే కదా? పురుగు టెంకలో ఉంటే పైనుంచి తెలుస్తుందా?"

"కోస్తేనే తెలుస్తుంది."

"ఇది కోయకుండా కోయడం."

ఇంత తేలిగ్గా చెప్పింది! దిష్టి తీయాలనిపించింది. తర్వాత వెన్నులో ఒక పూస చూపించింది. దాని గోడలు పెంకులా పల్చబడ్డాయి. "ఇది ఇంకా కూలలేదు. కూలితే కాళ్ళు చచ్చుబడిపోవచ్చు. ఈ వీపును ఎవరూ నొక్కకూడదు" అంది. ఆ పూస విరిగిన పక్కటెముకకు జానెడు దిగువన ఉంది. జనవరి అంతా నా బొటనవేళ్ళు దాని మీదే ఉన్నాయి.

చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

20 ఏప్రిల్

ట్రినింగ్ చేతికి పసుపు పట్టీ కట్టారు. పడిపోయే మనిషి అని గుర్తు. తిరుగు ప్రయాణంలో రేవులో సంచులు వెతికారు. బయటి మామిడితో పురుగు వస్తుందని దీవిలోకి రానివ్వరు కదా. ట్రినింగ్ ఆ ఉద్యోగితో, "సంచి వదిలెయ్ నాయనా, నన్ను వెతుకు. పురుగు నాలో ఉంది" అంది. అతను పగలబడి నవ్వాడు. అసలు మనిషివేనా నువ్వు, ట్రినింగ్!

11 మే

మందులు మొదలయ్యాయి. వారానికో సూది. ఎముకలు గట్టిపడటానికి నెలకోసారి ఇంకో మందు ఎక్కిస్తారు. నాలుగు కాళ్ళ ఊతకర్ర ఇచ్చారు. ఎవరూ పట్టుకోకుండా అడుగు తీసి అడుగు వేయకూడదని లెర్మా శాసనం. ఇంటి ముందు మూడు మెట్లూ దిగకూడదు. స్నానాలగదికి వెళ్ళాలన్నా ఒకరు తోడుండాలి.

"మళ్ళీ పడతావమ్మా" అంటుంది లెర్మా.

"అవునే, పడతాను" అంటుంది ట్రినింగ్, నా వంక చూసి.

ఎవరి మాటా వినని మనిషి ఇంత బుద్ధిగా వింటోంది.

15 జూన్

రక్తం డాక్టరు అన్నాడు: "ఇలాంటి ఎముకలున్నా రోజూ నడవమని చెబుతాను, నడిస్తేనే మంచిది. కానీ మీరు పడిపోతారని రాసి ఉంది. పూస ఒకటి పల్చగా ఉంది కాబట్టి నాకు ధైర్యం చాలడం లేదు."

చెప్పేయాల్సింది అప్పుడే. నోటిదాకా వచ్చింది. సూది వేసే అమ్మాయి వచ్చింది, మాట దాటిపోయింది.

ఆ అమ్మాయి రాకపోయినా చెప్పేవాణ్ణి కాదేమో.

2 ఆగస్టు

ట్రినింగ్ పిక్కలు సన్నబడ్డాయి. నిచ్చెన మెట్ల మీద గంటలు గంటలు నిలబడ్డ కాళ్ళు అవి.

నడుం నొప్పి తగ్గింది. రక్తం పెరిగింది. వంటింటిలోంచి నన్ను తిట్టడం మొదలుపెట్టింది. కూర్చునే తిడుతోంది.

19 అక్టోబర్

మంచం వెదురు. మంచం వెదురు. ఏం రాస్తున్నాను నేను?

8 డిసెంబర్

మామిడి పూతకొచ్చింది. ట్రినింగ్ కిటికీ దగ్గర కూర్చుని చెట్లను చూస్తోంది. "ఈసారి పిందెలు ఎవరు చుడతారో. ఆ పక్కింటి రోసాలీ చుడితే సగం ఊడిపోతాయి" అంది. మెట్లు దిగుతానని అడగలేదు. అడిగితే బాగుండేది.

20 ఫిబ్రవరి 2024, మంగళవారం, ఇలోయిలో

రెండో స్కాన్. రోడెల్ మమ్మల్ని గుర్తుపట్టాడు. "అమ్మా, ఇప్పుడు ఎటు తిరిగి లేస్తున్నారు?" అని మళ్ళీ అడిగాడు. పోయినసారి జవాబుతో సరిపెట్టుకోలేదు చూడండి! అలాంటివాడి చేతిలో ప్రాణాలు పెట్టొచ్చు.

డాక్టరమ్మ ఈసారి మా ఇద్దరినీ లోపల కూర్చోబెట్టుకుంది. తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది. ఎడమవైపు పోయినేటి ట్రినింగ్, కుడివైపు ఇవాళ్టి ట్రినింగ్. మళ్ళీ పుర్రెతోనే మొదలుపెట్టింది. ముప్పై ఒక్క గుంతల దగ్గరా ఆగింది, కొలిచింది, పాత కొలతతో చూసుకుంది. కొత్తవాటి కోసం రెండుసార్లు తల నుంచి మోకాళ్ళ దాకా వెళ్ళొచ్చింది. ఆ అరగంటసేపూ ట్రినింగ్ నా చొక్కా చెయ్యి పట్టుకుని ఉంది.

"కొత్తది ఒక్కటీ లేదు. పాతది ఒక్కటీ పెరగలేదు" అంది చివరికి.

"పూడలేదా?" అన్నాను.

"చాలావరకు పూడవు పెద్దాయనా. గుంత మిగిలి ఉందంటే తవ్వేవాడు ఇంకా ఉన్నాడని కాదు. అందుకే పాతదాన్ని పక్కన పెట్టుకుని చూసేది. ఇదిగో, దీని అంచు చూడండి. పోయినేడు లేదు."

నల్లటి గుంత చుట్టూ సన్నటి తెల్లగీత. ముగ్గు పెట్టినంత సన్నగా. ఎముక తన చుట్టూ తనే గట్టు వేసుకుంటోంది. ఆ పల్చటి పూస కూడా కూలకుండా నిలబడింది. ఇంత చిన్న గీతను పట్టుకున్న ఆ కళ్ళు చల్లగా ఉండాలి. ఆ యంత్రం చేసినవాళ్ళ చేతులు కూడా.

"ఇంకో మంచి కబురు. మీరు పడ్డప్పుడు విరిగిన పక్కటెముక అతుక్కుపోయింది. చూశారా, ఈ బుడిపె?"

ముప్పై ఒక్క గుంతలూ అలాగే ఉన్నాయి. ఎముకల్లో పూర్తిగా అతుక్కున్నది అదొక్కటే. నేను విరిచింది ఒక్కటే.

"తను పడలేదు" అన్నాను.

డాక్టరమ్మ చక్రం తిప్పడం ఆపింది.

"స్నానాలగదిలో పడలేదు. ఎక్కడా పడలేదు. నేనే నొక్కాను. బొటనవేలితో. చప్పుడు విన్నాను. మంచం వెదురు అనుకున్నాను. అనుకోలేదు. మా మంచంలో వెదురు లేదమ్మా, మొత్తం చెక్క."

డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. "పది నెలలు ఈవిణ్ణి సొంతంగా నడవనివ్వలేదు పెద్దాయనా. ఆ కాళ్ళు చూశారా?"

"చూస్తూనే ఉన్నాను."

"మరి మీరెందుకు అవునన్నారమ్మా?" అని ట్రినింగ్ వైపు తిరిగింది.

ట్రినింగ్ నా చొక్కా చెయ్యి వదల్లేదు. "పెళ్ళయ్యాక ఈయన అబద్ధం ఆడటం నేను చూసింది అదే మొదటిసారి. చేతకాక చేతకాక ఆడాడు. నిజం తెలిస్తే ఆ చేతులు ఇంకెవరి మీదా వెయ్యడు. ఊళ్ళో చేపముల్లు దిగితే ఎవరు తీస్తారు చెప్పు? తనంతట తనే చెబుతాడులే అనుకున్నాను. ఇంత ఆలస్యం చేస్తాడనుకోలేదు."

"పది నెలలు కూర్చున్నావా ట్రినింగ్, అందుకోసం?"

"కూర్చోకేం చేయను? నేనే ముందు బయటపెడితే నువ్వు చెప్పినట్టు అవుతుందా?"

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. డాక్టరమ్మ అటు తిరిగి కీబోర్డు మీద ఏదో కొట్టి, మళ్ళీ నా వంక చూసింది. కోపం పూర్తిగా పోలేదు, మాట మాత్రం మెత్తబడింది. "మీ వేలు ఎక్కడ పెట్టారో చూపించండి" అంది. తెర మీద పెట్టాను. సరిగ్గా బుడిపె మీద. "నాకూ అనుమానంగానే ఉండేది. పడితే ఎక్కువగా పక్కన విరుగుతుంది, ఇక్కడ కాదు. కానీ ఈ ఎముకలు దగ్గినా విరుగుతాయి. మీరు నొక్కకపోయినా ఏదో రోజు విరిగేదే. అది మీ తప్పు కాదు. అబద్ధం మీ తప్పు."

అంత సరిగ్గా నన్ను ఎవరూ కొలవలేదు.

పాత మాట తీసేసి కొత్తది రాసింది. రక్తం డాక్టరుకు అప్పుడే ఫోన్ చేసింది. బరువులు వద్దు, వంగడం వద్దు, నిచ్చెన అసలే వద్దు, నడక మాత్రం రోజూ ఉండాలని ఇద్దరూ అనుకున్నారు. పొద్దున మళ్ళీ కట్టిన పసుపు పట్టీని కత్తెరతో తనే కత్తిరించింది. వచ్చేటప్పుడు నన్ను ఆపి, "మీ దగ్గరికి నడుం నొప్పితో చాలామంది వస్తారు కదా. యాభై దాటి, పడుకున్నా నొప్పి తగ్గక, మనిషి పాలిపోతుంటే చెయ్యి వెయ్యకండి. ముందు ఇటు పంపండి. మీరు పంపితే వస్తారు, నేను పిలిస్తే రారు" అంది.

నన్ను పనివాడిగా చూసి చెప్పింది. అంత తప్పు చేశాక కూడా.

రేవులో పడవ దిగేటప్పుడు దిగుడు చెక్క మీద చెయ్యి పట్టుకోబోయాడు పడవవాడు. ట్రినింగ్ వాడి చెయ్యి నెట్టేసింది. కాళ్ళు వణికాయి. అయినా దిగింది.

3 మార్చి

మెట్లు దిగింది. మూడూ.

ఎస్తొంగ్ వాళ్ళ మామగారు నడుం నొప్పితో వచ్చాడు. అరవై రెండేళ్ళు, మొహంలో రక్తం లేదు. ఆకు పట్టలేదు. డాక్టరమ్మ పేరు కాగితం మీద రాసిచ్చాను. "ఇదేం హిలోత్‌వయ్యా, చెయ్యి వెయ్యకుండా పంపిస్తావు?" అని గొణిగాడు. నీ వీపు మీద చెయ్యి వెయ్యకపోవడం కూడా నేను నేర్చుకున్న పనే అన్నాను.

17 మార్చి

మామిడి చెట్టు కింద ఎత్తు పీట వేసుకుని, ట్రినింగ్ పేపర్లు కోసి సంచుల్లా మడిచి ఇస్తోంది. రోసాలీ నిచ్చెన మీద ఉంది. "గట్టిగా చుట్టవే, పిందెకు చలేస్తోంది!" అని కింది నుంచి కేకలు. తోటంతా వినపడుతోంది.

29 మార్చి 2024, గుడ్ ఫ్రైడే

తెల్లారగానే కొబ్బరి కోరడం మొదలుపెట్టాను. పాలు పిండి, మూకుడు పొయ్యి మీద పెట్టాను. నోరు తెరవలేదు. లెర్మా చర్చికి వెళ్ళింది. నూనె పైకి తేలుతుండగా ట్రినింగ్ ఊతకర్ర లేకుండా వంటింట్లోకి వచ్చింది. ఏడిపించడానికే వచ్చిందనుకున్నాను.

నా పక్కన నిలబడి వీపు తిప్పి, నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కుని, రవిక కింద బొటనవేలు పెట్టించింది. ఎడమ రెక్క ఎముక కింద, వెన్నుకు మూడు వేళ్ళ దూరంలో. చర్మం కింద చిన్న బుడిపె. బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దది.

"ఆ గుంతలు జబ్బువి. ఇదొక్కటే నీది. గట్టిగా ఉంది, చూసుకో" అంది.

నేను నొక్కలేదు. వేలు అక్కడే ఉంచాను. ఏడాదిగా ఒక మాట ఈ గొంతులో చేపముల్లులా ఉంది. డాక్టరమ్మ ముందు నిజం చెప్పాను గాని, ఆ మాట ట్రినింగ్‌కు చెప్పలేదు. నూనె ఇంకా దించలేదు. ఇంకో పావుగంట ఆగితే చాలు.

"నన్ను క్షమించు ట్రినింగ్" అన్నాను.

తను గబుక్కున ఇటు తిరిగింది. మూకుడు వంక చూసింది, నా వంక చూసింది. "అయ్యో, ఇంత మంచి నూనె పాడు చేశావు కదయ్యా!" అని తల పట్టుకుని, నవ్వడం మొదలుపెట్టింది. పక్క పట్టుకోకుండా, మధ్యలో ఆపకుండా, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

ఈ ఏడాది నా దగ్గర మందు నూనె లేదు. ఆ నూనెతో మధ్యాహ్నం ట్రినింగ్ చేపలు వేయించింది. నిలబడి వేయించింది.